కందనకాయలో వజ్రం

గుండ్లమిట్ట ఎర్రనేలల్లో తొలకరి పడితే విత్తనాలకంటే ముందు మనుషులు మొలుస్తారు. ఎక్కడెక్కడి నుంచో మూటాముల్లెతో వస్తారు. చెట్ల కింద మూడు రాళ్లు పెట్టి వండుకుంటారు. తెల్లవారకముందే చేలల్లోకి దిగి, చూపు ఆనినంతసేపూ నడుం వంచి మట్టిని వెతుకుతారు. వానకు మట్టి కొట్టుకుపోయి పైకి తేలిన రాళ్లలో ఏ లక్షకో ఒకటి వజ్రమవుతుందని వాళ్ల ఆశ. ఆ పదిహేను రోజులూ ఊరివాళ్లు కూడా ఇళ్లలో ఉండరు. కుక్కలు వాళ్ల వెంటే పోతాయి. పగటిపూట ఊళ్లో మిగిలేది ముసలి పశువులు, కోళ్లు.

ఊరి చివర దొడ్డి సుంకన్నది. అందులో ఒక ముసలి ఎద్దు, ఒక పుంజు, పది పెట్టలు.

ఆ దొడ్డి కోళ్లకు ఒక పాత కథ ఉంది. కోళ్లకు పళ్లు లేవు. తిన్న గింజ అరగాలంటే కందనకాయలో నాలుగు గులకరాళ్లుండాలి. కాబట్టి రాళ్లు మింగడం వాటికి వింత కాదు. రాజుల కాలంలో ఒక పెట్ట అలాగే చేలో ఒక రాయి మింగింది. అది రాయి కాదు, 'వేగుచుక్క' అని పేరుపడ్డ వజ్రం. రాణిగారి హారంలోంచి జారిపడిందంటారు. సంగతి రాజుగారి చెవిన పడింది. మింగింది ఏ పెట్టో తెలియలేదు. అందుకని ఏడూళ్ల కోళ్లనూ కోశారు. వజ్రం దొరికిందా లేదా అన్నది కథలో లేదు. ఏడూళ్లలో మర్నాడు కూయడానికి ఒక్క పుంజు మిగల్లేదు అన్న దగ్గర కథ ఆగిపోతుంది. "మెరిసేదాన్ని ముక్కుతో ముట్టకు" అన్నది ఆ దొడ్డిలో పిల్లలకు తొలి పాఠం.

మనుషులకూ ఒక అలవాటుంది. ఆ ఊళ్లో కోడిని కోస్తే ముందు కందనకాయ చీలుస్తారు. లోపలి రాళ్లను కడిగి, ఎండకు పట్టి చూస్తారు. పొయ్యి వెలిగించేది ఆ తర్వాతే.

పది పెట్టల్లో ఒకటి చుక్కలపెట్ట. నల్ల ఒంటి మీద తెల్లచుక్కలు. ఎద్దు కొట్టంలో, గాడి వెనక మూల, గంపలో పన్నెండు గుడ్లు పొదుగుతోంది. పొదిగించింది సుంకన్న పెళ్లాం మద్దమ్మ. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా గంపలో ఒక ఇనుప మేకు, ఒక బొగ్గు ముక్క వేసింది. వేస్తూ వంగినప్పుడు ఆమె చెవి కమ్మలోంచి ఒక రాయి ఊడి గడ్డిలో పడింది. అవి ఏడురాళ్ల కమ్మలు, గిల్టువి. తెల్లగా ధగధగలాడే గాజురాళ్లు. మద్దమ్మ దొడ్డంతా వెతికింది. పొదిగే కోడిని కదపకూడదని గంప మాత్రం ముట్టుకోలేదు. రెండోరోజు గుడ్లు తిప్పుకుంటుంటే చుక్కలపెట్ట గుండెకు ఆ రాయి చల్లగా తగిలింది. తల్లి చెప్పిన మాట గుర్తొచ్చి ముక్కు పెట్టలేదు. గుడ్లతో పాటు దాన్నీ అటూ ఇటూ దొర్లిస్తూ ఉండిపోయింది.

పొదుగు పట్టిన తొమ్మిదో రోజు ఆదివారం. మద్దమ్మ తమ్ముడు వచ్చాడు. తెల్లపెట్టను కోశారు. కందనకాయ చీల్చిన మద్దమ్మ ఉన్నట్టుండి "ఇదిగో, ఇట్ల రా!" అని మొగుణ్ణి పిలిచింది. ఆమె వేళ్ల మధ్య ఏదో తళుక్కుమంది. సుంకన్న దాన్ని పంచె కొంగున ముడేసుకుని పక్కరోజు పొద్దున్నే పట్నం బస్సెక్కాడు.

గడ్డివామి వెనక పడుకుని ఇదంతా చూసిన నక్క ఒకటుంది. పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు, అంత బక్కచిక్కింది. నాలుగు నెలలుగా ఈ దొడ్డి చుట్టూ తిరుగుతోంది. కుక్క వల్ల లోపలికి రాలేకపోయింది.

సుంకన్నా, అతని వెంట కుక్కా అటు పోగానే నక్క దొడ్డి చుట్టూ ఉన్న ముళ్లకంప సందులోంచి మూతి పెట్టింది.

"కోడళ్లారా, సుంకన్న పట్నానికి ఏంటికి పోయినాడో తెలుసా?"

పెట్టలన్నీ ఒక్కసారి వెనక్కి దూకాయి. పుంజు రెక్కలు కొట్టింది. "మూతి తీయ్! నేనుండగా మా పెట్టలతో నీకేం మాటలు?"

"తీస్తా నాయనా. చెప్పాల్సింది చెప్పి తీస్తా. తెల్లపెట్ట కడుపులో దొరికింది తునక మాత్రమేనంట. అసలు రాయి ఇంకోదాని కడుపులో ఉండాదంట. మీ అవ్వల కాలం నాటి వేగుచుక్క. ఎవరి కడుపులో ఉండాదో తెలీదు. తెలిసేదాకా రోజుకొకరిని కోస్తారంట."

ఎర్రపెట్ట ముందుకొచ్చింది. "నా కడుపులో లేదు మామా."

"లేదనే అంటారమ్మా. నిజంగా ఉన్నది అందరికంటే ముందు అంటాది, లేదని. సుంకన్న కత్తికి ఆ తేడా ఎట్ల తెలుస్తుంది?"

అప్పుడే ఇంటి ముందు నుంచి బండమీద ఇనుము రాసిన చప్పుడు వచ్చింది. గర్... గర్... మద్దమ్మ గడ్డి కోయడానికి కొడవలి నూరుకుంటోంది. పెట్టలకు కొడవలి కనబడలేదు. చప్పుడే వినబడింది.

"వింటిరి కదా," అంది నక్క మెల్లగా. "నాకేం వచ్చింది ఇందులో? కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు. అయినా చూస్తూ ఉండలేక చెప్తాండా. పడమటి కొండలో ఒక గవి ఉంది. వానలు తగ్గేదాకా దాక్కోవచ్చు. రేపటి నుంచి ఒక్కొక్కరే రండి. గుంపుగా వస్తే కాకి చూస్తాది. కాకి చూసిందంటే ఊరు చూసినట్టే."

మూతి కంపలోంచి మాయమైంది. పుంజు చాలాసేపు ఛాతీ విరుచుకుని నిలబడింది. తర్వాత పెట్టల వైపు తిరిగి గొంతు తగ్గించి అంది: "అందరూ వరసగా రండి. నోళ్లు తెరవండి. చూస్తా."

ఆ సాయంత్రం సుంకన్న తిరిగొచ్చాడు. కొంగు ముడి విప్పి రాయిని పెంటదిబ్బ మీదికి విసిరాడు. "పలుగురాయంట. బస్సు ఖర్చు దండగ," అన్నాడు. అప్పటికి చీకటి పడింది. కోళ్లకు చీకట్లో చూపు ఆనదు. అవి రెక్కల్లో తల పెట్టేసుకున్నాయి. విన్నది ఎద్దొక్కటే.

మర్నాడు ఎద్దు చెప్పింది. అది నెమరు ఆపి మాట్లాడటమే అరుదు. "పలుగురాయి అన్నాడు. వజ్రం లేదు, తునకా లేదు. ఎవరూ యాడికీ పోవద్దు."

"నిప్పు లేనిదే పొగ రాదు తాతా," అంది పుంజు.

"పొగ కాదు నాయనా, దుమ్ము."

ఎవరూ వినలేదు. మధ్యాహ్నానికి ఎర్రపెట్ట కనబడలేదు.

తర్వాత రోజు బూడిదపెట్ట పోయింది. ఆ తర్వాత దాని కూతురు. పోయేముందు కూతురు కొట్టంలోకి వచ్చి గంప పక్కన నిలబడింది.

"పిన్నీ, నువ్వూ రా. గుడ్లు మళ్లీ పెట్టుకోవచ్చు. మెడ మళ్లీ రాదు."

"మీ అమ్మ నుంచి కబురేమైనా వచ్చిందా?"

"నక్క మామ చెప్పినాడు. అక్కడ హాయిగా ఉందంట. నన్నే తలుచుకుంటోందంట."

"ఎవరైనా ఒకరు తిరిగొచ్చి ఆ మాట చెప్పొచ్చు కదే."

"తిరిగొస్తే కోస్తారు కదా పిన్నీ," అంది ఆ కన్నెపెట్ట, అదేదో పిన్నికి తెలియని లెక్కలాగా. కంప సందులోంచి వంగి బయటికి పోయింది. తోకలో చివరి ఈక ముల్లుకు తగులుకుని కాసేపు ఊగింది.

"పెనం మీంచి పొయ్యిలోకి," అని ఎద్దు తనలో తను అనుకుంది.

రాత్రి అన్నం దగ్గర మద్దమ్మ మొగుడితో అంది: "పెట్టలు తగ్గిపోతాండాయి. వజ్రాలకొచ్చినోళ్లే ఎత్తుకుపోయింటారు. తినేదానికి లేని మనుషులు." సుంకన్న చేతిలో ముద్ద పట్టుకునే, రేపు ఏ చేలోకి పోవాలా అని ఆలోచిస్తున్నాడు.

నాలుగో రోజు నుంచి నక్క కంప దగ్గర ఆగడం మానేసింది. పట్టపగలు దొడ్డిలోకే వచ్చింది. మిగిలిన పెట్టలూ పుంజూ వసారా దూలమెక్కాయి. నక్క నేరుగా కొట్టం ముందుకు వచ్చి కూర్చుంది. ఎద్దు మెడకు కట్టిన పలుపు అయిదు మూరలు. నక్క ఆరో మూరలో కూర్చుంది. ఎద్దు కొమ్ము ఎంతవరకు వస్తుందో అది వేళ్లతో కొలిచినట్టు తెలుసుకుంది.

చుక్కలపెట్ట గడ్డి మీదుగా దాన్ని చూసింది. నాలుగు రోజుల కిందట పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. ఇవాళ ఒక్కటీ కనబడటం లేదు. కొండల్లో తిరిగే నక్కకు నాలుగు రోజుల్లో పొట్ట ఎలా వచ్చింది? ఆ ప్రశ్న వేసుకున్నాక దానికి కాళ్లు చల్లబడ్డాయి. గుడ్లకు ఆ చలి తగలకూడదని ఈకలు పొంగించింది.

"చుక్కమ్మా, ఎర్రక్క నిన్నడిగింది," అంది నక్క.

"ఏమని?"

"వస్తే బాగుండు అని."

"గుడ్లు వదిలి ఎట్ల వచ్చేది మామా?"

"ఎన్నాళ్లు కూర్చుంటావు తల్లీ? మేత అక్కడుంది, నీళ్లు అక్కడున్నాయి." నక్క దొడ్డి మధ్యలో పెంకులో ఉన్న నీళ్లవైపు చూపించింది. తొమ్మిది మూరల దూరం. "దిగాల్సిందే కదా. నేను ఇక్కడే కూర్చుంటా. నీకు తోడు."

పొదిగే కోడి రోజుకొక్కసారే గుడ్లు దిగుతుంది. నాలుగు గింజలు ఏరుకుని, రెండు గుక్కలు తాగి, గుడ్లు చల్లారకముందే ఎక్కేస్తుంది. ఆ రోజు దిగలేదు. మర్నాడూ దిగలేదు. ఇంటివాళ్లు కోడి చూపు ఆనని వేళకు పోయి, ఆనని వేళకు వస్తున్నారు. నక్క పొద్దెక్కాక వచ్చి పొద్దు వాలేదాకా ఆరో మూరలో కూర్చుంటోంది. మధ్యలో ఒకసారి లేచి, దూలం మీద భయానికో ఆకలికో తూలి కిందపడిన పెట్టను నోట కరుచుకుపోతుంది. ఇప్పుడిక దానికి మాటలతో పనిలేదు. అలా మరో మూడు పోయాయి. దూలం మీద రెండు పెట్టలు, పుంజు మిగిలాయి. పుంజు తెల్లవారుజామున కూయడం మానేసింది. కూస్తే తానెక్కడుందో తెలిసిపోతుందని దాని భయం.

ఎద్దు కుడితి తొట్టిలో మూతి ముంచి, తుడుచుకోకుండా వచ్చి, గంప మీద తల వంచింది. గడ్డం నుంచి చుక్కలు పడ్డాయి. పెట్ట ముక్కు తెరిచి పట్టుకుంది.

ఏడో రోజు పొద్దున్నే కాకి వచ్చి కొట్టం వాసం మీద వాలింది. గోరంత కబురును కొండంత చేయడం దాని వృత్తి. చుక్కలపెట్ట మంచిగా పిలిచింది.

"కాకి వదినా, పడమటి కొండలో మావాళ్లెట్లున్నారు?"

"మీవాళ్లా? కొండలో కోళ్లెవరూ లేరే."

కాకి తనకు తెలిసిన మంచి కబురు చెప్పడానికి తొందరపడింది.

"నక్క ఒకటే ఉంటాది. ఏం వేషాలనుకున్నావు! నున్నటి బండ ఒకటుంది చూడు, దాని మీద వజ్రాల వ్యాపారి మాదిరి కూర్చుంటాది. గులకరాళ్లు వరసలు పేరుస్తాది. ఒక్కొక్కటీ గోటితో ఎత్తి ఎండకు పట్టి చూస్తాది. నిన్నయితే అన్నీ చూసి, కాలితో ఎగదన్ని, ఏడ్చింది."

"ఆ రాళ్లు దానికెక్కడివి?"

"ఏమో. తడిగా ఉంటాయి."

చుక్కలపెట్ట మనసులో ఆరు పేర్లు ఒకటొకటిగా వచ్చిపోయాయి. ఎర్రపెట్ట. బూడిదపెట్ట. దాని కూతురు. తర్వాతవి. ఒక్కోదాని కందనకాయ ఆ బండ మీద విప్పి ఉంది.

దుఃఖం పక్కకు నెట్టి అది ఒక సంగతి పట్టుకుంది. తినడానికే అయితే నక్క రాళ్లు ఎండకు పట్టి చూడదు.

"వజ్రం సంగతి దానికి ఎవరు చెప్పినారు వదినా?"

"నేనే! ఊరంతా అదే మాట కదా. వేగుచుక్క ఉన్నవాడికి పులి కూడా పక్కకు జరిగి దారిస్తాదంట. కుక్కలు మొరగవంట. చెప్పినా. మొదట నవ్వింది. రెండోసారి చెప్తే 'నిజంగానా?' అంది. మూడోసారి నేను చెప్పకముందే అదే అడిగింది, 'అది మెడలో ఉంటే నన్నెవరూ నక్క అనరు కదా? నక్కగారు అంటారు కదా?' అని."

తాను కల్పించిన అబద్ధం ఊరు తిరిగి, కాకి నోట నగలు పెట్టుకుని వస్తే, నక్క దాన్ని గుర్తుపట్టలేకపోయింది. చుక్కలపెట్టకు అంత భయంలోనూ ఆ సంగతి స్పష్టంగా అర్థమైంది.

"వదినా, ఈ పూట ఈ వాసం మీదనే ఉండు. మంచి కబురు దొరుకుతాది," అంది.

పొద్దెక్కాక నక్క వచ్చింది. ఈసారి కూర్చోలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"కోడలా, ఇంక మాటలు చాలు. రేపు ఈ ఎద్దును తోలుకుపోతారు. నేల పదునైంది, దుక్కి మొదలు. సుంకన్న అనుకుంటుంటే విన్నా. రేపు పలుపు ఉండదు, కొమ్మూ ఉండదు. ఏం చేస్తావో చెప్పు."

ఎద్దు తల తిప్పి పెట్టవైపు చూసింది. అది నిజమే. పెట్టకు గుడ్ల కింది నుంచి చిన్న కదలిక తెలిసింది. పదిహేడో రోజు. ఇంకా నాలుగు రోజులు కావాలి.

"మామా, అబద్ధమాడినా. రాయి నా దగ్గరే ఉంది," అంది.

నక్క తోక నిలబడిపోయింది. "యాడ?"

"మా అవ్వ నుంచి మా అమ్మకు, మా అమ్మ నుంచి నాకు. నా కందనకాయలోనే ఉండేది."

"అయితే చీలిస్తే..."

"చీలిస్తే ఏమవుతుందో ఆరుసార్లు చూసినావు కదా?"

పెట్ట గొంతు ఎండిపోయి ఉంది. అయినా ఒక్కో మాటా నిదానంగా పేర్చింది. "చచ్చిన కడుపులో వేగుచుక్క నిలవదు మామా. గులకరాయైపోతుంది. అందుకే రాజుగారికి ఏడూళ్లు కోసినా దొరకలేదు. నేల మీద పెట్టినా, కొంగున కట్టినా పొద్దుగూకేసరికి పలుగురాయి. సుంకన్న తునకకు ఏమైంది? పట్నం చేరేసరికి పలుగురాయి కాలేదా? ఎద్దు తాతనడుగు."

"పలుగురాయే అన్నాడు," అంది ఎద్దు. అది అబద్ధమాడే జంతువు కాదని నక్కకు తెలుసు.

"ఎట్ల నిలుస్తుంది మరి?"

"బతికున్న గొంతులోంచి బతికున్న గొంతులోకి పోవాలి. నేను కక్కి ఇస్తా. నువ్వు వెంటనే మింగాలి. ఇస్తే నా గుడ్ల జోలికి రావు కదా?"

"నీ గుడ్లు నాకేంటికి! వజ్రమున్నవాడు గుడ్లు దొంగిలిస్తాడా? ముందు చూపించు."

పెట్ట మూడు రోజుల తర్వాత గుడ్ల మీంచి లేచింది. వీపు అటు తిప్పి, మెడ చాచి, రెండుసార్లు కక్కుతున్నట్టు దగ్గింది. గడ్డిలోంచి మద్దమ్మ కమ్మరాయిని ముక్కుతో అందుకుంది. పుట్టినప్పటి నుంచి ఏది చేయవద్దని తల్లి చెప్పిందో అదే చేసింది. రాయి నోట్లో గుడ్లంత వెచ్చగా ఉంది. గంప దిగింది. ఒక మూర. రెండు. పక్కన ఎద్దు కూడా అడుగులో అడుగు వేసింది. మూడు. నాలుగు. నక్క నోటి వాసన తగిలింది. ఆ వాసనలో తనకు తెలిసినవాళ్లున్నారు. అయిదో మూర చివర పలుపు బిగుసుకుంది. ఎద్దు ఆగింది. పెట్ట రాయిని నేల మీద పెట్టి వెనక్కి దూకింది.

వాసాల సందులోంచి పడ్డ ఎండలో గాజురాయి ఏడు రంగులు కక్కింది. వాసం మీద కాకి ఊపిరి బిగపట్టింది.

"నేల తాకింది మామా. ఆలస్యమైతే..."

నక్క నాలుక చాచింది. గుటుక్కుమంది.

"మింగేసింది!" కాకి కొట్టం దద్దరిల్లేలా అరిచింది. "కావ్! నక్క వేగుచుక్కను మింగేసింది! నా కళ్లతో చూసినా! నక్క కడుపులో వజ్రముంది!" అరుస్తూనే లేచి చేలవైపు, చేల నుంచి కొండవైపు ఎగిరింది. అక్కడొక కాకి అందుకుంది, అవతల ఇంకొకటి.

నక్క గర్వంగా మెడ ఎత్తింది. ఎత్తిన మెడ అలాగే ఆగిపోయింది. అరుపులు దూరం పోయేకొద్దీ దాని చెవులు ఒక్కొక్కటే వెనక్కి వాలాయి.

"ఏం మామా, అట్ల నిలబడినావు?" చుక్కలపెట్ట గంప ఎక్కి గుడ్లు సర్దుకుంటూ అడిగింది. "కడుపులో వజ్రముంటే ఏం చేస్తారో మాకు నువ్వే కదా చెప్పినావు. ఒక గవి కూడా చెప్పినావు. పోయి దాక్కో. ఒక్కడివే పో. కాకి చూస్తాది."

"కక్కేస్తా," అంది నక్క. దగ్గింది. మెడ వంచి మళ్లీ దగ్గింది. రాయి రాలేదు. అప్పుడే కాకుల గోలకు ఏమైందోనని కుక్కను ముందు వదిలి సుంకన్న పార భుజానేసుకుని చేలోంచి వస్తున్నాడు. నక్క కంప సందు వెతుక్కోలేదు. ముళ్ల మీంచే దూకింది.

సుంకన్న దొడ్డిలో చెల్లాచెదురైన ఈకలు చూశాడు. మర్నాటి నుంచి ఎద్దు దుక్కికి పోయింది. కుక్కను కొట్టం ముందు కట్టేశారు.

పడమటి కొండ సంగతులు కాకి రోజూ మోసుకొచ్చింది. మొదటిరోజు నక్క దగ్గరికి దాని అన్నదమ్ములొచ్చారట. చుట్టూ కూర్చుని ప్రేమగా "ఒకసారి దగ్గు తమ్ముడూ" అన్నారట.

"గాజురాయి అన్నా! పెట్ట మోసం చేసింది. వజ్రం లేదు, నేనే కల్పించినా ఆ కథ!"

"లేదనే అంటావు. నిజంగా ఉన్నది అందరికంటే ముందు అంటాది లేదని," అన్నాడట పెద్దన్న.

రెండోరోజు తోడేళ్లు వచ్చి గవి ముందు పడుకున్నాయట. అవి ఏమీ అడగలేదట. మూడోరోజు నక్క గవిలో లేదు. చీకటి పడగానే కొండ మీద నక్కలు వంతుగా ఊళ వేస్తాయి. ఆ వారం ఒక వంతు ఖాళీగా ఉండటం చుక్కలపెట్టకు వినబడింది. ఊళ వేస్తే తానెక్కడుందో తెలిసిపోతుంది మరి.

ఇరవై ఒకటో రోజు పన్నెండు గుడ్లలో తొమ్మిది పగిలాయి. మద్దమ్మ గంప ఎత్తి గడ్డి దులిపి తన రాయి కోసం చూసింది. మేకు దొరికింది, బొగ్గు దొరికింది. "పోనీలే," అనుకుని కమ్మలోని గుంతకు లక్క అద్దుకుంది. వసారా మీది నుంచి పుంజు, మిగిలిన రెండు పెట్టలు దిగాయి. పుంజు గొంతు సవరించుకుని, "నేను అప్పుడే అనుకున్నా," అంది. ఎవరూ ఏమనుకున్నావని అడగలేదు.

చుక్కలపెట్ట పిల్లలకు గింజ ఏరడం నేర్పుతుండగా కాకి వచ్చి వాలింది. ఈసారి అరవలేదు.

"నున్నటి బండ చూసొచ్చినా చుక్కమ్మా."

"ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. రాళ్లు మళ్లీ పేర్చి ఉన్నాయి. వరసగా. ఎముక ముక్కలు, పురుగు రెక్కలు, అన్నీ విడివిడిగా, ఎవరో ఓపిగ్గా ఏరినట్టు. పక్కన నక్క తోక. మధ్యలో ఆ రాయి. నేను పొడిచి చూసినా, గాజు. ఎవరూ తీసుకుపోలేదు."

పెట్ట పిల్లల్ని రెక్కల కిందికి పిలిచింది.

లేని వజ్రాన్ని ఎదుటివాడి కడుపులో చూపించినవాడికి, చివరికి తన కడుపే గని అవుతుంది.